పాత బావుల సందున కొత్త బావి



మాది బనగానపల్లె. ఊరి బయట మా మామిడితోటలో ఒక మోటారు కొట్టం ఉంది. దాని లోపలి గోడ మీద మా నాయన బొగ్గుతో అంకెలు రాసేవాడు. "12 అడుగులు నల్లరేగడి, 40 దాకా సుద్ద, ఆ కింద నాపరాయి, 160 దగ్గర తేమ, 190లో ఒకటిన్నర ఇంచి." అంతే. మా మొదటి బోరు జాతకం అది. రెండో బోరు వేయించినప్పుడు దాని కింద ఇంకో వరుస రాసినాడు. మూడోది ఫెయిలు. దానికీ ఒక వరుస రాసి, చివర "దుమ్ము" అని పెట్టినాడు.

నాలుగో బోరు నాటికి నాయన లేడు. మా చెల్లెలి పెండ్లికి ఇంటికి సున్నం కొట్టినోళ్ళు, మిగిలింది పారబోయడం ఎందుకని మోటారు కొట్టానికీ కొట్టేసినారు. అంకెలన్నీ తెల్లగా కలిసిపోయినాయి. ఆ ఎండాకాలమే మా చిన్నాయన, అరచేతిలో టెంకాయ నిలబెట్టుకొని తోటంతా తిరిగే ఆయన్ని పిలిపించి పాయింటు పెట్టించినాడు. మొదటి బోరుకు అది ముప్ఫై అడుగుల దూరం కూడా లేదు. రాత్రంతా బండి మోగింది. తెల్లారేసరికి రెండించుల నీళ్ళు పడినాయి. ఆ సంతోషంలో తోటకాడ కోడిని కోసినాం. పదిరోజులు తిరక్కముందే మొదటి బోరు గాలి కక్కడం మొదలుపెట్టింది. అప్పుడు చిన్నాయన మోటారు పక్కన గొంతుకూర్చొని అన్న మాట నాకిప్పటికీ గుర్తు. "ఇవి కొత్త నీళ్ళు కాదప్పా. పాత నీళ్ళే కొత్త గొట్టంలో వస్తుండాయి."

ఆ మాట పట్టుకొని ఈ పూట మిమ్మల్ని కోనసీమ సముద్రం దాకా తీసుకుపోతాను. అక్కడ నీళ్ళ కోసం కాదు, ముడిచమురు కోసం బోర్లు వేస్తారు. పాతబడిన చమురు క్షేత్రంలో, ఉన్న బావుల మధ్య ఖాళీల్లో కొత్త బావులు దించడాన్ని ఆ పనిలో ఉన్నవాళ్ళు ఇన్‌ఫిల్ డ్రిల్లింగ్ అంటారు. నేను సందు బావులు అంటాను. మామిడితోటలో చెట్టు చచ్చిన చోట, రెండు ముసలి చెట్ల నడుమ కొత్త అంటు నాటుతాం చూడండి, అలాంటి పని. పాత చెట్ల వేర్లు, నీడ తట్టుకొని ఆ అంటు బతకాలి. సందు బావి కష్టమూ అలాంటిదే.

కోనసీమ సముద్రంలో అలా పాతబడిన క్షేత్రం ఒకటుంది, దాని పేరు రవ్వ. మా ఊరివాళ్ళకు ఈ పేరు వినగానే రవ్వలకొండ గుర్తొస్తుంది. వీరబ్రహ్మేంద్రస్వామి ఆ కొండ గుహలో కూర్చొని కాలజ్ఞానం రాశారని మా నమ్మకం. రవ్వ అంటే వజ్రం కదా. మా నేలకు వజ్రాల పేరు ఊరికే రాలేదు. ఇక్కడి గులకరాళ్ళు అతుక్కుపోయిన రాతి పొరలో వజ్రాలున్నాయని, పూర్వం గుంతలు తవ్వి తీసేవారని ప్రభుత్వ భూగర్భ సర్వే అధికారి విలియం కింగ్ 1872లోనే రాశాడు. ఆ పొరకు మా ఊరి పేరే స్థిరపడింది. కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి చేలల్లో తొలకరి పడగానే ఇప్పటికీ జనం వంగి నేల వెతుకుతుంటారు. ఎన్ని వందల ఏళ్ళ కిందట ఎవరో వెతికి వదిలేసిన నేలే అది! అయినా ఏదో ఒక ఏడు ఎవరికో ఒకరికి దొరుకుతుంది. వెతికిన చోట ఇంకేమీ మిగల్లేదు అనే మాట అంత సులభంగా నమ్మకూడదని మా ప్రాంతంవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

సముద్రంలోని రవ్వ సంగతికొద్దాం. కృష్ణా గోదావరి బేసిన్‌లో, కోనసీమ తీరానికి ఎదురుగా, లోతు తక్కువ సముద్రంలో 1987లో ఓఎన్‌జీసీ ఆ క్షేత్రాన్ని కనిపెట్టింది. 1993లో చమురు రావడం మొదలైంది. 1994 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం 25 ఏళ్ళ ఒప్పందం మీద దాన్ని ఒక ఉమ్మడి సంస్థల బృందానికి అప్పగించింది. అందులో ఓఎన్‌జీసీకి 40 శాతం, వీడియోకాన్‌కు 25 శాతం వాటాలు. మొదట్లో పని నడిపింది ఆస్ట్రేలియా కంపెనీ కమాండ్ పెట్రోలియం. 1996లో దాన్ని కెయిర్న్ కొనుక్కుంది. ఆ కెయిర్న్ భారత విభాగం ఇప్పుడు వేదాంత చేతిలో ఉంది. సముద్రంలో మనుషులు కాపురముండని ఎనిమిది వేదికలు. వాటి నుంచి గొట్టాలు గట్టెక్కి ఉప్పలగుప్తం మండలం సూరసానియానం దగ్గరి టెర్మినల్‌కు చేరతాయి. 225 ఎకరాల ప్రాంగణం అది. పది లక్షల పీపాల చమురు నిలవ చేసుకోవచ్చు. పీపా అంటే 159 లీటర్లు. ఆ లెక్కన దాదాపు 16 కోట్ల లీటర్లు.

మధ్యలో ఒక ముచ్చట. మా నంద్యాల జిల్లా, వాళ్ళ కోనసీమ జిల్లా ఒకే రోజు పుట్టాయి, 2022 ఏప్రిల్ 4న. కవల పిల్లలు. ఒకరికి నీళ్ళ కరువు, ఒకరికి నీళ్ళ మధ్యనే ఇల్లు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఒక చమురు క్షేత్రం ముసలిదైంది అంటే ఏమిటి? అందులో చమురు అయిపోయిందనా? కాదు. ఇక్కడే మనలో చాలామంది పొరబడతాం. భూమి కింద నూనె చెరువొకటి ఉంటుందని, గొట్టం దించి తోడేస్తారని, అడుగంటితే మూసేస్తారని అనుకుంటాం. బెలుం గుహలు చూసినవాళ్ళకు, యాగంటి గుహలెక్కినవాళ్ళకు భూమి లోపల అంత డొల్ల ఉండటం వింతగా కూడా అనిపించదు. చమురు మాత్రం అలా డొల్లల్లో ఉండదు. రాతిలోనే ఉంటుంది.

ఇంట్లో ఒక చిన్న పని చేసి చూడండి. గ్లాసు నిండా పొడి ఇసుక పోయండి. గ్లాసు నిండింది కదా. ఇప్పుడు మెల్లగా నీళ్ళు పోయండి. గ్లాసులో మూడో వంతు దాకా నీళ్ళు పడతాయి. ఎక్కడికి పోయాయి? రేణువుకూ రేణువుకూ మధ్య సందుల్లోకి. రవ్వలో చమురున్నది ఇలాంటి ఇసుకరాయి సందుల్లోనే. ఇప్పుడు గ్లాసును వంచి ఆ నీళ్ళన్నీ తిరిగి పారబోయండి చూద్దాం. కొన్ని వస్తాయి. మిగతావి రావు. ఇసుక తడిగానే ఉంటుంది. ఎంత విదిలించినా ఆ తడి పోదు. భూమిలో మిగిలే చమురు ఆ తడి. ప్రపంచమంతటా క్షేత్రాల సగటు చూస్తే, రాతిలో ఉన్న చమురులో పైకి వచ్చేది సుమారు మూడో వంతు. మిగిలిన రెండు వంతులు కిందనే ఉండిపోతాయి. అందుకే ముసలి క్షేత్రాన్ని నేను ఖాళీ కుండ అనను.

మొదట్లో చమురు తనంతట తనే పైకి తన్నుకొస్తుంది. లోపలి ఒత్తిడి అది. సోడా బుడ్డి మూత తీసినట్టే. కొన్నేళ్ళకు ఆ పొంగు చల్లారుతుంది. అప్పుడు కొన్ని బావుల ద్వారా కిందికి నీళ్ళు ఎక్కిస్తారు. ఆ నీళ్ళు చమురును మిగతా బావుల వైపు తోస్తాయి. రవ్వలో రోజుకు లక్షా పది వేల పీపాల నీటిని లోపలికి ఎక్కించే ఏర్పాటు ఉంది. ఇంకో పద్ధతిలో గొట్టంలోకి గ్యాసు ఊది, చమురును తేలిక చేసి పైకి లేపుతారు. ఇవన్నీ చేశాక ఒక రోజు వస్తుంది. బావిలో చమురు కన్నా నీళ్ళే ఎక్కువ వస్తాయి. వేదిక ఖర్చు తగ్గదు, గొట్టాల తుప్పు ఆగదు, జీతాలు ఆగవు. వచ్చే పీపాలు మాత్రం ఏటేటా తగ్గుతుంటాయి. క్షేత్రం ముసలిదైంది అనేది అప్పుడే.

కిందికి ఎక్కించిన నీళ్ళు చమురునంతా ఎందుకు తోసుకురావు? మన రైతుకు ఈ జవాబు ఎప్పుడో తెలుసు. కాలువకు నీళ్ళు వదిలితే మడంతా ఒకేలా తడుస్తుందా? పల్లం వైపు పరుగెత్తి, ఎలక బొక్క దొరికితే దాంట్లో దూరి, మెరకన ఉన్న నాలుగు సాళ్ళను ఎండగట్టి, చివరికి గట్టు తెగ్గొట్టుకొని పోతాయి. రాతిలోనూ అంతే. సులువైన దారి దొరికిందంటే నీరు దాన్నే పట్టుకుంటుంది. గట్టి బంకమట్టి పొర అడ్డొస్తే దాని కింద నుంచి పోతుంది. భూమి ఎప్పుడో ఒకచోట బీటవారి, ఒక పక్క దిగి ఒక పక్క లేచి ఉంటే, ఆ బీట గోడలా నిలబడి అవతలి చమురును ఇవతలి బావికి రానివ్వదు. నీళ్ళు వచ్చిన బావిని చూసి మనం పని అయిపోయింది అనుకుంటాం. దాని పక్కనే, మెరకన, మడిలో తడవని సాళ్ళలా చమురు ఆగి ఉంటుంది.

సందు బావి ఆ తడవని సాళ్ళ కోసం. మరి అది ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? టెంకాయ నిలబడదు కదా అక్కడ.

ఇక్కడ నాకు మోటారు కొట్టం గోడే గుర్తొస్తుంది. చమురు బావి తవ్వేటప్పుడు ప్రతి అడుగులో ఏ రాయి వచ్చింది, దాని గుండా విద్యుత్తు ఎలా పారింది, శబ్దం ఎంత వేగంగా పోయింది, సందుల్లో ఉన్నది నీరా చమురా గ్యాసా అని కొలిచి పొడవాటి పట్టీల మీద గీతలుగా దాచుకుంటారు. వాటిని లాగ్‌లు అంటారు. మా నాయన బొగ్గు గీతలకు పెద్దన్నలు అవి. ఆ తరువాత ఆ బావి బతికినన్నాళ్ళూ రోజూ ఎంత చమురు ఇచ్చింది, ఎంత నీరు ఇచ్చింది, ఒత్తిడి ఎంత ఉంది అనేది రాస్తారు. ముప్ఫై ఏళ్ళ క్షేత్రంలో అలాంటి బావుల చరిత్రలన్నీ కలిపితే ఒక పెద్ద చిట్టా తయారవుతుంది. పాత క్షేత్రానికి ఉన్న అసలు ఆస్తి అదే. కొత్త క్షేత్రంలో మొదటి బావి దించేవాడికి ఆ చిట్టా ఉండదు. గుడ్డిగా కాదు గానీ, దాదాపు సందేహంతోనే దించుతాడు.

చిట్టాతో పాటు ఇంకొకటుంది. సముద్రం మీద ఓడతో గాలి దెబ్బలు కొడుతూ, కింది పొరల నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వనులను పట్టుకొని భూగర్భానికి బొమ్మ గీస్తారు. అది త్రీడీ సర్వే. అదే చోట కొన్నేళ్ళ తరువాత మళ్ళీ అలాగే బొమ్మ తీసి, రెండింటినీ పక్కపక్కన పెట్టి తేడా చూస్తే దాన్ని ఫోర్‌డీ అంటారు. ఆ నాలుగోది కాలం. చమురు పోయి నీళ్ళు చేరిన చోట ప్రతిధ్వని మారుతుంది. మారని చోట చమురు ఇంకా కదల్లేదన్నమాట. ఆసుపత్రిలో ఆరు నెలల కిందటి స్కానింగు, ఇప్పటి స్కానింగు లైటుకెదురుగా పట్టుకొని డాక్టరు చూస్తాడు చూడండి, అదే పని. రవ్వలో ఈ ఫోర్‌డీ సర్వే చేయించారు. ఆ కళ్ళతో చూసి సందు బావులు పెట్టారు.

పొరలను చదివే విద్య మా ప్రాంతానికి మరీ అంత దూరమైనదేమీ కాదు. మా ఊరి పక్క జుర్రేరు లోయలో జ్వాలాపురం ఉంది. సుమారు 74 వేల ఏళ్ళ కిందట ఎక్కడో సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలితే, ఆ బూడిద ఇక్కడి దాకా వచ్చి పడింది. గిన్నెలు తోమే పొడికి పనికొస్తుందని మనవాళ్ళు ఆ బూడిద తవ్వి అమ్ముకునేవారు. రవి కోరిశెట్టర్, మైఖేల్ పెట్రాగ్లియా బృందం వచ్చి, ఆ బూడిద పొర కిందా మీదా రాతి పనిముట్లు చూపించి 2007లో లోకానికి చెప్పింది. తవ్వి అమ్ముకున్నవాళ్ళకూ, కొలిచి రాసుకున్నవాళ్ళకూ కనబడింది ఒకే బూడిద.

మళ్ళీ చమురుకే వస్తాను. బావికీ బావికీ ఎంత దూరం ఉండాలనే తగాదా ఈనాటిది కాదు. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం, స్పిండిల్‌టాప్ అనే మిట్ట. 1901 జనవరి 10న అక్కడ చమురు ఆకాశానికి ఎగిరింది. కింద ఉన్నది ఎవరిది అంటే, ఎవరు ముందు తోడితే వాళ్ళది. అదీ అక్కడి న్యాయం. ఇంకేం, అందరూ ఎగబడ్డారు. డెరిక్కు గోపురాల కాళ్ళు ఒకదాని మీద ఒకటి వేసినంత దగ్గరగా బావులు దించారు. 1902లో కోటీ డెబ్భై లక్షల పీపాలు వచ్చాయి. 1904 కల్లా రోజుకు పదివేల పీపాలకు పడిపోయింది. ఒత్తిడంతా ఒకేసారి ఊది పారేశారు. ఈ కథ చదువుతున్నప్పుడు నాకు టెక్సాస్ కనబడలేదు, మా చేలే కనబడ్డాయి. పక్కాయన నాలుగొందల అడుగులు దించినాడని మనం ఐదొందలు, మనం దించినామని ఆయన ఆరొందలు. మన రాష్ట్రంలో 2002లో వాల్టా చట్టం వచ్చింది. తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపల ఇంకో బోరు వేయకూడదని అది చెబుతుంది. ఆ దూరం టేపు పెట్టి కొలిచినవాళ్ళను నేను ఇంతవరకు చూడలేదు.

స్పిండిల్‌టాప్ దెబ్బతో చమురు ఇంజనీర్లు ఇంకో కొసకు పోయారు. ఒక బావి ఎంత పెద్ద నేలనైనా తోడేస్తుంది, తొందరపడకండి, ఎడంగా దించండి అన్నారు. నలభై ఎకరాలకు ఒక బావి. ఆ తరువాత 1970లలో అదే టెక్సాస్‌లో ముసలి క్షేత్రాల్లో ఇరవై ఎకరాలకొకటి, పదెకరాలకొకటి చొప్పున సందు బావులు దించి చూస్తే, పాత బావులు ఎన్నడూ ముట్టని చమురు బయటపడింది. రాతి పొర ఒక బావి నుంచి ఇంకో బావి దాకా తెగకుండా పరుచుకొని ఉంటుందని కాగితం మీద గీసుకున్న గీత తప్పు. కింద అది చాప కాదు, చిరిగిన బొంత.

మా బనగానపల్లె రైతుకు ఈ బొంత సంగతి కొత్త కాదు. నాపరాయి నేల మాది. ఒక బోరులో మూడించుల నీళ్ళు, ఇరవై అడుగుల అవతల తెల్లటి పొడి. సున్నపురాయిలో నీరు చీలికలు పట్టుకొని పోతుంది, చీలిక తప్పితే అంతే. చిత్రమేమిటంటే, మన దేశంలో అన్నిటికన్నా పెద్ద చమురు క్షేత్రమైన ముంబై హై కూడా సున్నపురాయే. మన నాపరాయి కన్నా ఎంతో చిన్న వయసుది, సందులున్నది. 1974లో సాగర్ సామ్రాట్ అనే రిగ్గు అక్కడ చమురు కనిపెట్టింది. 1976లో ఉత్పత్తి మొదలై, 1985 నాటికి రోజుకు నాలుగు లక్షల పీపాలు దాటింది. తరువాత దిగుతూ వచ్చింది. 2000 నుంచి ఉత్తరం భాగం, దక్షిణం భాగం విడివిడిగా పునరభివృద్ధి అని దశలు దశలుగా కొత్త వేదికలు, కొత్త బావులు, పాత బావుల నుంచే పక్కకు తిప్పిన బావులు పెట్టుకుంటూ వచ్చారు. లేకపోతే ఈపాటికి అది ఇంకెంత దిగి ఉండేదో. 2025 జనవరిలో ఓఎన్‌జీసీ బ్రిటిష్ సంస్థ బీపీని సాంకేతిక సాయానికి పిలిచింది. పదేళ్ళలో చమురు, గ్యాసు కలిపి 60 శాతం దాకా పెంచవచ్చని బీపీ చెప్పింది. చెప్పింది సరే. మన దేశం వాడే ముడిచమురులో నూటికి ఎనభై అయిదుకు పైగా బయట నుంచే కొంటున్నాం కాబట్టి ఆ మాట నిజం కావాలని నేనూ కోరుకుంటాను.

పక్కకు తిప్పిన బావి అన్నాను కదా. సముద్రంలో ప్రతి కొత్త బావికీ కొత్త వేదిక కట్టుకుంటూ పోతే దివాళా తీస్తారు. అందుకని నీళ్ళు పట్టిపోయిన ఒక పాత బావిని తీసుకుంటారు. పై భాగం కేసింగు బాగానే ఉంటుంది. కొంత లోతున ఆ ఇనప గొట్టానికి పక్కన కిటికీ కోస్తారు. ఆ కిటికీలోంచి డ్రిల్లును వాలుగా దించి, చమురు మిగిలి ఉందని చిట్టా చెప్పిన దిక్కుకు పంపిస్తారు. కావాలంటే పొర వెంబడే అడ్డంగా కూడా నడిపిస్తారు. వేరు పక్కకు పాకినట్టు. మా బోరు బండివాళ్ళకు ఇది చెబితే ఒకాయన నవ్వి, "మా రాడ్డు నిట్టనిలువునా దిగితేనే గొప్ప సారూ, అడ్డంగా పోయిందంటే ఇరుక్కుందని లెక్క" అన్నాడు.

ముసలి క్షేత్రంలో తవ్వడం కొత్త క్షేత్రంలో కన్నా సులువని అనుకోవద్దు. మన బోరు బండి గాలితో తవ్వుతుంది. చమురు బావిని మాత్రం మడ్‌తో, అంటే బరువు కలిపిన చిక్కటి బురదతో తవ్వుతారు. కింది ఒత్తిడి ఎగదన్నకుండా ఆ బురద బరువే ఆపాలి. ముప్ఫై ఏళ్ళు తోడేసిన పొరలో ఒత్తిడి తగ్గి ఉంటుంది. అక్కడ బురద బరువు ఎక్కువైతే పొర దాన్ని తాగేస్తుంది. దాని కిందనే ఎవరూ ముట్టని పొరలో పాత ఒత్తిడి అలాగే ఉండవచ్చు. అక్కడ బురద తేలికైతే గ్యాసు పైకి లేస్తుంది. ఒకే బావిలో రెండూ. కోనసీమ జనానికి ఈ లెక్క తప్పితే ఏమవుతుందో వేరే చెప్పాల్సిన పని లేదు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో బావి నుంచి గ్యాసు ఎగదన్ని అంటుకుంది. 65 రోజులు మండింది. అది ఎవరూ అడుగు పెట్టని అడవి కాదు, కొబ్బరితోటల మధ్య, ఇళ్ళ పక్కన. ఇప్పటికీ అక్కడి పెద్దవాళ్ళు ఆ రాత్రులు పట్టపగలులా ఉన్నాయని చెప్పుకుంటారు. ఊళ్ళ నడుమ ఉన్న పాత క్షేత్రాల్లో మళ్ళీ రిగ్గు కనబడితే జనం గుండె ఝల్లుమంటుంది. వాళ్ళది చాదస్తం అనకండి.

ఇక నేను చెప్పాలనుకున్న అసలు మాటకు వచ్చాను. సందు బావి ఇచ్చే చమురు కొత్త చమురా? లేక కొత్త గొట్టంలో వచ్చే పాత చమురా?

రవ్వ చరిత్ర చూస్తే రెండూ కనబడతాయి. క్షేత్రం మొదలైనప్పుడు మొత్తం మీద సుమారు పది కోట్ల పీపాలు తీయగలమని అంచనా వేశారు. ఇప్పటిదాకా తీసింది దానికి రెండింతలు దాటింది. రోజుకు యాభై వేల పీపాలు చొప్పున చాలా ఏళ్ళు నిలకడగా ఇచ్చింది ఆ క్షేత్రం. నీళ్ళెక్కించడం, చిట్టా చదవడం, సందులు వెతకడం, ఇవన్నీ కలిస్తేనే అది సాధ్యమైంది. ఇదంతా పాత నీళ్ళే అని చిన్నాయన కూడా అనలేడు.

కానీ ఇంకో లెక్క చూడండి. 2019-20లో రవ్వ సగటున రోజుకు, గ్యాసును కూడా చమురు లెక్కన కలుపుకొని, సుమారు 14 వేల పీపాలు ఇచ్చింది. కొత్త బావులు చేరాక 2020-21లో అది సుమారు 19 వేలకు ఎక్కింది. ఆ ఏడు పత్రికల్లో 35 శాతం పెరుగుదల అని వచ్చి ఉంటే ఎవరికైనా సంబరమే. మరుసటి ఏడాది, 2021-22లో? మళ్ళీ సుమారు 14 వేలు. కొత్త బావి ముసలి బావి కన్నా తొందరగా ముసలిదవుతుంది. తను పుట్టేసరికే ఇంట్లో ఒత్తిడి తగ్గిపోయి ఉంటుంది మరి.

అందుకే ఈ పనిలో నిజాయితీగా ఉండే ఇంజనీరు పెరిగిన అంకెను చూడడు. కొత్త బావి లేకపోతే పాత బావులు ఎంత ఇచ్చేవో ముందుగా ఒక గీత గీసుకుంటాడు. ఆ గీత ఏటేటా కిందికి జారుతుంటుంది. కొత్త బావి వచ్చాక దానికి పైన వచ్చిందే అసలు లాభం. అంతటితో ఆగడు. పక్క బావి ఉత్పత్తి అదే నెలలో ఎంత పడిందో చూస్తాడు. కొత్తది వంద ఇచ్చి పాతది ఎనభై తగ్గిస్తే, మిగిలింది ఇరవై. మా నాలుగో బోరు లెక్క.

ఇందులో ఇంకో మెలిక ఉంది. పాత చమురే కొత్త గొట్టంలో తొందరగా వచ్చినా కొందరికి అది లాభమే. రవ్వ ఒప్పందం 2019 అక్టోబరుతో ముగిస్తే, దాన్ని ఇంకో పదేళ్ళు, 2029 దాకా పొడిగించారు. గడువున్న కౌలుదారుకు గడువు లోపల వచ్చిన పంటే పంట. వేదికలకు కూడా ఆయుష్షు ఉంది. అవి తుప్పుపట్టి కూలక ముందే తీయగలిగింది తీసుకోవాలి అనే వాదనలో అన్యాయమేమీ లేదు. అయితే నేల సొంతదారు వేరే ప్రశ్న అడగాలి. ఈ తొందరలో, మెల్లగా తీస్తే వచ్చేదేదైనా కిందనే శాశ్వతంగా చిక్కిపోతుందా? నీళ్ళను పరుగెత్తించి మెరక సాళ్ళను వదిలేస్తున్నామా? సముద్రం అడుగు నేలకు సొంతదారులం మనమే కదా, దేశం తరఫున. రోజూ భారీ అద్దె పడే రిగ్గు తెచ్చి నిలబెట్టినప్పుడు, బావులు ఎన్ని దించారని కాక, ఆ గీతకు పైన ఎంత వచ్చిందని లెక్క అడిగే అలవాటు మనకు రావాలి. లోతు సముద్రంలో కొత్త నిధి దొరికిందంటే పతాక శీర్షికలు పెడతాం. ముసలి క్షేత్రం లెక్క అడిగేవాళ్ళు తక్కువ.

పోయిన సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు చిన్నాయన మళ్ళీ పాయింటు మాట ఎత్తినాడు. "ఐదోది వేద్దామప్పా, ఈసారి రోడ్డు పక్క." నేను ఒప్పుకోలేదు, కాదనలేదు. ముందు గుర్తున్నది రాద్దాం అన్నాను. ఇద్దరం మోటారు కొట్టంలోకి పోయినాం. ఆయనకు 82 ఏళ్ళు. సున్నం గోడ ముందు నిలబడి చాలాసేపు కళ్ళు మూసుకొని, వేళ్ళు లెక్కపెట్టుకుంటూ మొదటి బోరు దగ్గర్నుంచి చెప్పినాడు. నేను బొగ్గు పట్టుకొని రాస్తా పోయినాను. రెండో బోరు తేమ లోతు దగ్గర ఇద్దరికీ కుదరలేదు. నూటా డెబ్భై అని నేను, నూటా నలభై అని ఆయన.

"రెండూ రాయి. పక్కన ప్రశ్న గుర్తు పెట్టు" అన్నాడు చిన్నాయన.

పెట్టినాను.